బోల్టు వచ్చిందా?

జూన్ 14, శనివారం

బోల్టు విరిగింది. కారు ఇంజన్ దగ్గర నీళ్ళు కారుతుంటే పైపు మూత విప్పబోయాను. రెండు బోల్టుల్లో ఒకటి బుద్ధిగా వచ్చింది. రెండోది టక్కుమంది. తల నా స్పానర్‌లో, మొండెం ఇంజన్‌లో.

షెడ్డుకిచ్చేయమని మా ఆవిడ ఎప్పట్నుంచో పోరుతోంది. నేను వింటేగా! నాకు విప్పడమే వచ్చు, బిగించడం చేతకాదంది. మిక్సీ, గోడ గడియారం, బాత్రూమ్ కుళాయి, వరసపెట్టి ఏకరువు పెట్టింది. నాకు ఒళ్ళు మండింది. అంత కష్టంగా ఉంటే మీ నాన్న దగ్గరికి పో అన్నాను. నా నోటిదూల.

పెట్టె సర్దుకుని టాక్సీ ఎక్కింది. వెళ్తున్నా అంది.

జూన్ 15, ఉదయం

వెళ్తున్నా అంది. పాల ప్యాకెట్‌కి వీధి చివరికి వెళ్ళినా వెళ్ళొస్తా అనే మనిషి. కోపంలో నోరు జారిందా, కావాలనే అందా? ఇక రాదా?

ఫోన్ చేద్దామా, వద్దా? తనే చెయ్యొచ్చుగా.

సాయంత్రం

మొండేనికి నూనె పోశాను. వేడి చేశాను. సుత్తితో తట్టాను. ఉలకదు, పలకదు.

పక్కింటి టైలర్ గోడ మీంచి తొంగిచూసి, వచ్చిందా అన్నాడు. రాలేదండీ, ఫోన్ కూడా చెయ్యలేదు అన్నాను. అతను అడిగింది బోల్టు గురించట. పరువు పోయింది.

జూన్ 16, సోమవారం

జ్వరమని ఆఫీసుకి సెలవు పెట్టాను. బానెట్ కింద తల దూర్చి ఉండగా మామగారి ఫోన్. వచ్చిందా అన్నారు. ఈ టైలర్ ఊరంతా చాటింపు వేశాడు కాబోలు అనుకున్నాను. రాలేదు మామయ్యగారూ, విరిగిపోయింది అన్నాను. ఏమిటీ అన్నారు. తల ఊడి చేతికొచ్చింది, మొండెం లోపలే ఉంది, వేడి పెట్టాను, సుత్తితో కొట్టాను, కదల్లేదు, మీరేం బెంగపడకండి, రేపు డ్రిల్లు పెడతాను అని ధైర్యం చెప్పాను.

ఫోన్ పెట్టేశారు. పాపం, నా బండంటే ఆయనకి ఎంత అభిమానమో!

మధ్యాహ్నం

ఉండుండి బుర్రలో వెలిగింది. టైలర్‌కి మామగారి నంబరే తెలీదు. మరి ఆయన వచ్చిందా అన్నది దేని గురించి?

ఓరి నాయనో.

తిరిగి ఫోన్ చేశాను. తను పొద్దున్నే మా ఇంటికని బయల్దేరిందట. ఆయన టాక్సీలో ఉన్నారు, దారిలో పోలీసుల్ని ఎక్కించుకుంటానన్నారు. బోల్టండీ బాబూ, బోల్టు, అని ఏడుపు గొంతుతో మొత్తుకున్నాను. నమ్మారో లేదో.

పొద్దున బయల్దేరిన మనిషి ఏది? తన ఫోన్ మోగుతోంది, ఎత్తదు. గేటు దాకా వెళ్తున్నాను, వస్తున్నాను. భయంగా ఉంది. బోల్టు గీల్టు ఏదీ వద్దు, తను వస్తే చాలు.

సాయంత్రం

వచ్చింది. చేతిలో పెట్టె లేదు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కాగితం పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. లోపల విరిగిన బోల్టు ఊడదీసే చిటికెన వేలంత పరికరం, మరలు ఎడమవైపు తిరిగినది. షెడ్డు మేస్త్రీని అడిగి, షాపులన్నీ గాలించి కొన్నదట. ఆ రద్దీలో ఫోన్ వినపడలేదట.

మామగారు ఒక్కరే దిగారు. కూతుర్ని ఎగాదిగా చూసి, తల ఉందని తేల్చుకుని, మంచినీళ్ళు అడిగారు. నా వైపు చూడలేదు. రాత్రికి ఆయన వెళ్ళిపోయారు, తను ఉండిపోయింది. పెట్టె మాత్రం పుట్టింట్లోనే ఉంది. నా కోసం వచ్చిందా, బోల్టు కోసం వచ్చిందా?

జూన్ 17, మంగళవారం

మొండెం మధ్యలో చిన్న రంధ్రం చేసి, ఆ పరికరం దిగ్గొట్టి ఎడమకి తిప్పాలి. అది బిగిసేకొద్దీ బోల్టు వదులవుతుందట. ఇదెక్కడి లెక్కో నాకు అర్థం కాలేదు. తను టార్చి పట్టుకుని ఎడమకి, ఎడమకి అంటోంది. ఎదురుగా నిలబడి ఉంది, నీ ఎడమా నా ఎడమా అని అరిచాను. ఇంట్లో ఎన్ని ఎడమలున్నాయని తనూ అరిచింది. కిర్రుమంది. ఇద్దరం నోరు మూసుకున్నాం.

వచ్చింది.

కొత్త బోల్టు నేనే బిగించాను. తర్వాత ఎవరూ చెప్పకుండానే కుళాయి కూడా బిగించాను.

జూన్ 18

పెట్టె తెచ్చుకోవాలని కారు తీసింది. గేటు దగ్గర అద్దం దించి, వెళ్ళొస్తా అంది.

వినపడలేదన్నాను. మళ్ళీ అంది.