చిటికెన కమాను

జనవరి 6, సోమవారం

యాన్యువల్ డేకి ఆరు వారాలు. పదహారు మంది పిల్లలు, పదహారు వయొలిన్లు, ఒకే ఒక్క పాట. ఈ రోజు నేను విన్నది పాటే అయితే నేను మహారాణిని. పదహారు పిల్లుల తోకలు ఒకేసారి తలుపు సందులో పడ్డట్టుంది. పక్క గదిలోంచి లెక్కల సార్ వచ్చి, ఇంకా ఎంతసేపండీ అని మర్యాదగానే అడిగాడు. నలభై నిమిషాలన్నాను. నిట్టూర్చి వెళ్లిపోయాడు.

మూడో వరుస చివర్లో కూర్చునే పిల్లను గమనించాను. ఎనిమిదేళ్లుంటాయి. స్కూల్ బస్ డ్రైవర్ గారి అమ్మాయి. చిటికెన వేలు తీగకు అందదు, అందుకని ఈ డైరీలో దాని పేరు చిటికెన. అందరికంటే శ్రుతి తప్పేది అదే, అందరికంటే గట్టిగా వాయించేదీ అదే. దానికి సంతోషం ఆగదు. ఏం చెయ్యను?

జనవరి 10, శుక్రవారం

ప్రిన్సిపాల్ మేడమ్ రిహార్సల్‌కి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. రెండు నిమిషాలకే మూడో వరుస చివరి పిల్లను వేలితో చూపించారు. చీఫ్ గెస్ట్ ముందు పరువు పోతుంది, ఆ పిల్లకు కర్టెన్ లాగే పని ఇవ్వండి అన్నారు. చూస్తానన్నాను. చూడ్డానికేముంది, తీసెయ్యండి అన్నారు. నేనేమో పర్మనెంట్ కాని టీచర్ని. తలూపాను.

జనవరి 11, శనివారం

చిటికెనకు చెప్పలేదు. నోరు రాలేదు.

జనవరి 20, సోమవారం

దారి దొరికింది. పాము చావకుండా, కర్ర విరగకుండా.

వయొలిన్ తీగల మీద లాగే కమాను వెంట్రుకలకు రోజిన్ ముక్క, అంటే ఎండిన చెట్టు జిగురు, రుద్దాలి. అది రుద్దితేనే వెంట్రుకలు తీగను పట్టుకుంటాయి. రుద్దకపోతే ఊరికే జారిపోతాయి, చప్పుడు రాదు. ఈ సంగతి నా పిల్లలకు తెలియదు. పోయినేటి పిల్లల చేతికి ముక్క ఇస్తే ఒకడు పగలగొట్టాడు, ఇంకొకడు నాకి చూశాడు. అప్పట్నుంచి పీరియడ్‌కి ముందు అన్నిటికీ నేనే రుద్ది పెడుతున్నాను.

ఈ రోజు బీరువాలోంచి కొత్త కమాను తీశాను. రోజిన్ ముఖం చూడనిది. చిటికెన చేతికిచ్చాను. కొత్తదా మేడమ్, నాకేనా అని రెండుసార్లు అడిగింది. సాయంత్రం ప్రిన్సిపాల్ మేడమ్ రిహార్సల్ విని, ఇప్పుడు బాగుంది, చప్పుడు చెయ్యకపోతే కూర్చోనివ్వండి పాపం అన్నారు.

మా ఆయన పళ్ల డాక్టరు. అన్నం తింటూ అంతా విని, అయితే మత్తిచ్చి పీకావన్నమాట అన్నాడు. ఈయనకు ఏదీ చెప్పకూడదు.

జనవరి 24, శుక్రవారం

క్లాసయ్యాక చిటికెన వెళ్లకుండా ఆగింది. నాది వినపడట్లేదు మేడమ్ అంది. అందరూ కలిసి వాయిస్తుంటే ఎవరిది వాళ్లకు వినపడదమ్మా అన్నాను. ఒక్కదాన్నే వాయించినా రావట్లేదు, ఉఫ్‌మని గాలొస్తోంది అంది. ఇంకా ప్రాక్టీస్ చెయ్యాలి అన్నాను.

ఎందుకన్నాను? ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను. ఆ పిల్ల తల గట్టిగా ఊపి వెళ్లింది.

జనవరి 31, శుక్రవారం

డ్రైవర్ గారు గేటు దగ్గర ఆపారు. మా అమ్మాయి చేతిలో బలం చాలట్లేదట కదండీ అన్నారు. నేనలా అనలేదు. పిల్ల అలా అర్థం చేసుకుంది. రోజూ పొద్దున్నే నీళ్ల బాటిళ్లు ఎత్తిస్తున్నానండీ, గుడ్డు పెడుతున్నాను, బస్సులో కూడా స్కేలుతో ఎడం చెయ్యి మీద వాయించుకుంటూనే ఉంటుంది అన్నారు. ఇంకేమైనా చేయించమంటారా అని అడిగారు.

చాలండీ అన్నాను. స్టాఫ్ రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను. లెక్కల సార్ ఏమైందంటే జలుబన్నాను.

ఫిబ్రవరి 5, బుధవారం

ఈ రోజు ఎలాగైనా రుద్దేద్దామని రోజిన్ పట్టుకుని చిటికెన దగ్గరికి వెళ్లబోయాను. అప్పటికే ప్రిన్సిపాల్ మేడమ్ వెనక బెంచీలో ఉన్నారు. పదిహేను వయొలిన్లు ఒక్కటిగా పలికాయి. నిజం చెప్పాలంటే చాలా బాగా పలికాయి, నాకే ఆశ్చర్యం వేసింది. ఆవిడ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు చిటికెన కూడా సిగ్గుపడుతూ నవ్వింది. నేను వెనక్కి వచ్చేశాను. పిరికిదాన్ని.

ఫిబ్రవరి 12, బుధవారం

చిటికెన కమానును తీగల మీద అదిమి అదిమి లాగుతోంది. మణికట్టు కర్రలా బిగుసుకుపోయింది. అలా పట్టకూడదమ్మా అన్నాను. మరి ఎలా పడితే వస్తుంది మేడమ్ అంది.

ఫిబ్రవరి 15, శనివారం, సాయంత్రం ఏడు

అయిపోయింది. చీఫ్ గెస్ట్ మెచ్చుకున్నాడు, ప్రిన్సిపాల్ మేడమ్ పొంగిపోయారు. ఫోటోగ్రాఫర్ తీసిన వాటిలో సగం చిటికెనవే. అంత ఒళ్లు మరిచి వాయించింది అదొక్కతే మరి.

డ్రైవర్ గారు యూనిఫామ్ ఇస్త్రీ చేయించుకుని వచ్చారు. ప్రోగ్రామ్ అవగానే కళ్లు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి, అంతమందిలోనూ మా అమ్మాయిది నాకు విడిగా వినపడిందండీ అన్నారు. ఎక్కడ ఎత్తిందో, ఎక్కడ తగ్గించిందో కూడా చెప్పారు. చిటికెన పక్కనే నిలబడి వాళ్ల నాన్న ముఖం చూస్తోంది.

అవునండీ, బాగా వాయించింది అన్నాను.

ఫిబ్రవరి 17, సోమవారం

ఇక వినడానికి ఎవరూ రారు. కొత్త కమాను బీరువాలో పెట్టేసి, బాగా రోజిన్ పట్టినది చిటికెనకిచ్చాను. వాయించమన్నాను. నెల రోజులుగా అదిమిన చెయ్యి అలాగే అదిమింది. తుప్పు పట్టిన గేటు తీసినట్టు కీచుమంది. పిల్లలంతా పకపకా నవ్వారు. ఎవరు చేశారా అని చిటికెన కూడా వెనక్కి తిరిగి చూసింది.

ఫిబ్రవరి 19, బుధవారం

చెయ్యి వదులు చెయ్యమ్మా అంటే తనకు చేతకావట్లేదు. వేళ్లు ఒక్కొక్కటీ నేనే విప్పాను. నేను వదలగానే మళ్లీ బిగుసుకుంటున్నాయి. ఇరవై ఏళ్లుగా నేర్పుతున్నాను. శ్రుతి తప్పే పిల్లల్ని ఎంతమందినో దారిలో పెట్టాను, దానికి కావాల్సింది ఓపికే. చిటికెనకూ అదే సరిపోయేది. ఈ చెయ్యి మాత్రం నేను చెడగొట్టింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను.

ఫిబ్రవరి 24, సోమవారం

చెప్పేశాను. ఆ కొత్త కమానుకు నేను రోజిన్ రుద్దలేదమ్మా, అందుకే చప్పుడు రాలేదు, నీ చేతిలో తప్పేం లేదు అన్నాను.

మర్చిపోయారా మేడమ్ అంది. నేను నోరు తెరిచేలోపే, పర్లేదు మేడమ్, నేను కూడా హోంవర్క్ మర్చిపోతుంటాను అంది.

ఫిబ్రవరి 26, బుధవారం

పీరియడ్ మొదలవగానే చిటికెన నా టేబుల్ దగ్గరికి వచ్చింది. దీంతో వాయిస్తే అందరూ నవ్వుతున్నారు మేడమ్, ఆ చప్పుడు రానిదే ఇవ్వండి, దాంతో అయితే బాగా వాయిస్తాను, మా నాన్నకు కూడా వినపడింది అంది.

ఫిబ్రవరి 28, శుక్రవారం

ఇచ్చాను. పీరియడంతా వాయించింది.