జంకు తెరచాప

గోదావరిఖని,
కార్తీకం, 1972.

అన్నకు నీ చెల్లె సరోజన నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ బాపు, అవ్వ, నేను కుశలంగా ఉన్నాం. నీ ఓడ ఏ రేవులో ఆగి ఉందో తెలియదు కానీ, అక్కడ నీకు వేళకు తిండి, కంటినిండా నిద్ర దొరుకుతున్నాయని తలుస్తున్నాను. దసరా వెళ్ళాక నీ ఉత్తరం అందింది. అవ్వ దాన్ని నాతో మళ్ళీ మళ్ళీ చదివించుకుంది. ఓడలో పెట్టే చప్పిడి కూరల గురించి రాసిన చోట ఆపించి, "పోరడు సన్నవడ్డడు, రాతలనే తెలుస్తున్నది" అని కళ్ళు తుడుచుకుంది.

నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను. అవ్వ మోకాళ్ళ నొప్పి తగ్గింది. క్వార్టరు కప్పు కురవకుండా బాగుచేశారు. నేను బడి మానడం లేదు. మా తెలుగు సారు తన నిఘంటువును ఇంటికి తెచ్చుకోనిస్తున్నారు. ఒక మాట కోసం తెరిస్తే, దారిలో కనిపించిన ప్రతి మాట దగ్గరా ఆగిపోతున్నాను. "గా బుక్కు తింటె కడుపు నిండుతదా? లేచి బువ్వ తిను" అని అవ్వ రోజూ తిడుతుంది.

ఇక పెద్ద ప్రశ్నలు రెండు మిగిలాయి. పడవ అమ్మేశారా అని ఒకటి. బాపు చెయ్యి ఇక ఇంతేనంటే, ఓడ కొలువు మానుకుని వచ్చి ఆయన పక్కన ఉండిపోనా అని ఇంకొకటి. మొదటిదానికి ఇప్పుడే చెబుతాను. రెండోదానికి కొంచెం ఓపిక పట్టు.

పడవ అమ్మలేదు. నువ్వు సెలవు అయిపోయి వెళ్ళాక గనిలో బండ జారిపడి బాపు కుడిచేతికి దెబ్బ తగిలిందని రాశాను కదా. ఇప్పుడు పిడికిలి బిగుస్తుంది, తాడు పట్టుకోగలడు. రొమ్ము దాటి పైకి మాత్రం చెయ్యి లేవదు. అందుకని లోపలికి పంపకుండా, పైన లాంపులిచ్చే గదిలో డ్యూటీ వేశారు. డ్యూటీ దిగి నేరుగా గోదావరి ఒడ్డుకు పోయి, బోర్లించిన పడవ పక్కన కూర్చునేవాడు. బదిలీ అయిన ఆఫీసరు దగ్గర ఆ పాత పడవ కొన్నప్పుడు మీరిద్దరూ ఎంత సంబరపడ్డారో నాకు గుర్తుంది. బాపు గనిలో చేరకముందు రేవులో పడవ నడిపిన మనిషి కదా. అమ్ముదామా అని నీ మాటగా అడిగితే, "నన్ను గూడ జోడిచ్చి అమ్ముండ్రి" అన్నాడు. మళ్ళీ అడగలేదు.

దాని పాత తెరచాపలు ఎత్తాలన్నా, దించి చుట్టాలన్నా రెండు చేతులూ తలపైకి చాచాలి. ఆ వేళకు చుక్కాని ఇంకొకరు పట్టుకోవాలి. ఆ ఇంకొకరు నువ్వే, నువ్వేమో సముద్రం మీద ఉన్నావు.

అప్పుడు నువ్వు సింగపూరు నుంచి గీసి పంపిన చీనావాళ్ళ పడవ బొమ్మ తీసి బాపుకు చూపించాను. ఒక్కటే తెరచాప, దానికి అడ్డంగా వెదురు బద్దలు. తాడు వదిలితే తానే మడతలు పడి దిగుతుందని, ఒక ముసలావిడ ఒంటరిగా నడుపుతుంటే చూశానని రాశావు.

"దీని పేరేందే?" అన్నాడు బాపు.

"జంకు."

దెబ్బ తగిలిన తర్వాత బాపు నవ్వగా నేను చూడటం అదే మొదలు. "జంకు అని పేరు వెట్టుకున్న పడవ ఎవడెక్కుతడే?"

నిఘంటువు తీశాను. జంకు అంటే భయం, వెనకాడటం. చీనా పడవ పేరుకూ మన మాటకూ చుట్టరికమే లేదని సారు చెప్పారు. అయినా అవ్వకు ఆ అర్థమే నచ్చింది. "పేర్లనే ఉన్నది గద. ఒక్క చెయ్యి మిగిలింది, దాన్ని గూడ గంగల కలుపుతవా?" అని బాపుతో పోట్లాడింది. బాపు బొమ్మ పట్టుకుని బయటికి నడిచాడు.

పెళ్ళిళ్ళకు షామియానాలు వేసే మక్సూద్ కాకను నువ్వు మరిచిపోయి ఉండవు. పందిరి చుట్టూ గోడలా కట్టే కనాతులు కూడా ఆయనే కుడతాడు. బాపు తెచ్చిన బొమ్మ చూసి, "అరె బుచ్చన్నా, ఇది కనాతే గద భాయ్! చీనోళ్ళు నా పని ఎప్పుడు నేర్చిండ్రు?" అన్నాడు. గుడ్డకు గొట్టాల్లా కుట్టు వేసి అందులో వెదురు దూర్చడం ఆయనకు కొత్తేమీ కాదు. పాత కనాతు గుడ్డల్లో గట్టివి ఏరి, జల్దీగా కుట్టి తెచ్చాడు. ఒడ్డున పరిచి చూస్తే వెదుళ్ళన్నీ కనాతుకు ఉన్నట్టే నిలువుగా ఉన్నాయి.

"మక్సూదూ, గోదారి సుట్టు గోడ కడ్తున్నమా?" అన్నాడు బాపు.

"నా వెదురు ఎన్నడన్న పండుకున్నదా భాయ్? నిలవడుడే ఎరుక దానికి" అని మక్సూద్ కాక తల గోక్కున్నాడు. పాపం, అంతా విప్పి అడ్డంగా మళ్ళీ కుట్టాడు. కుట్లు నేనూ విప్పాను.

ఇద్దరూ కలిసి, తీగలతో నిలబెట్టిన సన్నటి పాత తెరచాప కొయ్య తీసేసి, మొదలు లావున్న టేకు వాసం పాతారు. తెరచాప ఎత్తే తాడును గిలకల మీదుగా వేశారు. బాపు కూర్చున్న చోటి నుంచే ఎడమచేత్తో కిందికి లాగి, కాలితో తొక్కిపట్టి, మళ్ళీ లాగుతాడు. ప్రతి వెదురు కొసకూ కట్టిన పురికొసలు ఒకే తాడులో కలుస్తాయి. ఆ తాడు పట్టుకోవడానికి కుడి పిడికిలి చాలు, ఎడమచెయ్యి చుక్కాని మీద ఉంటుంది. ఎర్రచారలు, పసుపుచారలు గాలికి ఉబ్బితే బట్టలుతికేవాళ్ళందరూ లేచి చూశారు. "ఎవలి పెండ్లే సరోజనా, పడవల తోల్కపోతున్నరు?" అని వాళ్ళలోంచి పూలమ్మక్క కేకేసింది.

కొన్నాళ్ళు మక్సూద్ కాకను కూర్చోబెట్టుకుని ఒడ్డు దగ్గరే తిరిగారు. మొన్న ఆదివారం బాపు ఒక్కడే ఆవలి ఒడ్డుకు బయలుదేరాడు.

అన్నా, ఎవరికీ రాయకూడదనుకున్న మాట ఒకటి రాస్తున్నాను. అవ్వ నా పక్కన నిలబడి బాపు క్షేమంగా దాటాలని మొక్కుతున్నది. నేను గాలి ఆగిపోవాలని మొక్కాను. తెరచాప పనికిరాక బాపు వెనక్కి తిరిగితే, ఆయనకు మనిషి తోడు కావాలి. అప్పుడు నిన్ను రమ్మని రాయవచ్చు. ఆ వాక్యం కూడా మనసులో కూర్చి పెట్టుకున్నాను. నువ్వు లేక ఇల్లు ఎంత బోసిగా ఉందో నా ఉత్తరాల్లో ఎన్నడూ రాయలేదు. బాపు ఓడిపోతే ఆ బెంగ తీరుతుందని ఆశపడ్డాను.

నడిమికి పోయేసరికి తూర్పుగాలి ఒక్కసారిగా బలంగా కొట్టింది. పడవ ఒరిగింది. అవ్వ నా భుజం గట్టిగా పట్టుకుంది, వేళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి. ఆ క్షణంలో నా మొక్కు నాకే విషమైంది. గాలి ఆగాలని కోరినదాన్ని, పడవ నిలబడితే చాలనుకున్నాను. బాపు తెరచాప ఎత్తే తాడు వదిలేశాడు. వెదురు మీద వెదురు పడి తెరచాప మడతలు మడతలుగా ఒళ్ళోకి దిగింది. పడవ నిటారుగా నిలిచింది. బాపు తొందరపడలేదు. గాలి నెమ్మదించేదాకా కూర్చుని, మళ్ళీ లాగి, తొక్కిపట్టి, లాగి, ఆవలి ఒడ్డు చేరాడు. అక్కడ దిగి, మావైపు తిరిగి ఎడమచెయ్యి ఊపాడు.

తిరిగొచ్చాక అవ్వ, "లుంగి మొత్తం నాన్పుకున్నవా?" అని మాత్రం అన్నది.

ఇంటికి నడుస్తూ బాపుకు నా మొక్కు సంగతి చెప్పేశాను. దాచుకోవడం నావల్ల కాలేదు. "నువ్వు మొక్కినవని గాలి ఆగిందా?" అని నవ్వాడు. తర్వాత, "నాగ్గూడ వాడు యాదికొస్తడే" అన్నాడు.

అన్నాలు తిన్నాక నీ రెండో ప్రశ్నకు ఏం రాయాలని ఇద్దరినీ అడిగాను.

"రావాలె అని రాయి" అన్నది అవ్వ.

"రావాలె అని రాయకు" అన్నాడు బాపు. "గామాట తాడేసి గుంజినట్టుంటది. నా చెయ్యి లేవదని వాడు కొలువు ఇడిసి వస్తె, నేను వాని మొకం ఎట్ల సూడాలె? ఊకె రమ్మను."

"ఊకె అంటే?" అన్నాను, అర్థం తెలిసే.

"ఊకెనే. పనేం లేకున్న. పడవల కూసుండెతందుకు."

అవ్వ కంచాలు తీస్తూ ఆలోచించింది. "గట్లనే రాయి మరి" అన్నది.

కనుక కొలువు వదలకు. సెలవు దొరికినప్పుడు, అన్నా, ఊకె రా.

ఇట్లు,
బాపు, అవ్వల మాట కూడా కలుపుకుని,
నీ చెల్లె
సరోజన