జీపుకు చివరి స్థానం

అక్కా,

నాకు దిగులు పట్టుకుందని అమ్మ నీకు ఫోన్లో చెబుతుంటే విన్నాను. "ఉద్యోగం ఊసే లేదే దీనికి, పొద్దస్తమానం ఆ పాత ఆటే" అంటోంది. దిగులేం లేదు. మన అంతరిక్ష యుద్ధం వీడియో గేమ్ మళ్లీ మొదటినుంచీ ఆడి, ఆయుధాలకీ బళ్లకీ ర్యాంకులు వేస్తున్నాను, అంతే.

తుపాకుల్లో మామూలు పిస్తోలే మొదటిది. నీకిష్టమైన నీలం మెరుపుల తుపాకీ అందంగానే ఉంటుంది గానీ, నాలుగుసార్లు పేలిస్తే వేడెక్కి మొరాయిస్తుంది. బళ్లలో ట్యాంకు మొదటిది. అందులో నడిపేదీ కాల్చేదీ ఒకరే. జీపు చివరిది. "జీపు చివరా? నీ మొహం!" అంటావని తెలుసు.

చిన్నప్పుడు ఎప్పుడూ జీపు నువ్వే నడిపేదానివి. నేను వెనక తుపాకీ దగ్గర నిలబడేదాన్ని. "నువ్వు కాల్చవే, దారి సంగతి నేను చూసుకుంటా" అనేదానివి. మొన్న ఒక్కదాన్నే ఆడుతూ అలవాటుగా వెనకే ఎక్కాను. శత్రువులు చుట్టుముట్టారు, జీపు కదల్లేదు. ఎందుకు కదలడంలేదా అని కాసేపు నిజంగానే ఆలోచించాను. తర్వాత దిగి స్టీరింగు ముందు కూర్చున్నాను. రెండుసార్లు సముద్రంలో పడేసి, చివరికి వంతెన దాటించాను.

మీ ఆఫీసులో, నీ పక్క సీట్లోనే నాకు ఉద్యోగం మాట్లాడి పెట్టావని అమ్మ ఒకటే సంబరపడుతోంది. నేను రావడంలేదు. నా అంతట నేను వెతుక్కున్న ఉద్యోగం వేరే ఊళ్లో దొరికింది. సోమవారం చేరుతున్నాను. అమ్మకి నేనే చెబుతాను.

నీ చెల్లి