మందు కొట్టిన చేలో మిడతలు

శుక్రవారం రాత్రి, పిట్టలవానిపాలెం

బాపట్ల స్టేషన్లో ఎవరో అట్టపెట్టెలో వదిలేసిపోతే నేను తెచ్చుకున్న తొండపిల్ల బల్బు కింద కళ్ళు మూసుకుని పడి ఉంది. బియర్డెడ్ డ్రాగన్ అంటారట, పరదేశపు జాతి. డొక్క ఆడుతోందో లేదో వంగి వంగి చూస్తున్నాను.

తప్పు నాదే. బతికున్న పురుగులే పెట్టాలని, అవీ చిన్నవై ఉండాలని పశువుల డాక్టరుగారు చెప్పారు. సాయంత్రం మా సంఘస్థుడు యోసేపు చేలో గట్టు మీద మిడతపిల్లల్ని పట్టి తెచ్చాను. మిడతలు తినొచ్చని బైబిల్లో లేవీయకాండంలోనే ఉంది, అరణ్యంలో యోహాను తిన్నదీ అవే, ఇంకేం అనుమానం అనుకున్నాను. రెండు ఆత్రంగా మింగింది.

తర్వాత ప్రార్థన కూటంలో యోసేపుతో ఈ మాట చెబితే అతని మొహం మాడిపోయింది. "అయ్యగారూ, మా చేలోయా? నిన్ననే పురుగుమందు కొట్టామండి!"

పరుగెత్తుకొచ్చేసరికి ఇది ఇలా ఉంది. డాక్టరుగారికి ఫోన్ చేశాను. "బలవంతంగా నీళ్ళు పొయ్యకండి. వెచ్చగా ఉంచి తెల్లారగానే తీసుకురండి. బతుకుతుందని మాత్రం చెప్పలేనండి" అన్నారు.

"నరకం గురించి చెప్పేటప్పుడు పందిరి అదరగొడతారు. ఈ గుప్పెడు ప్రాణానికి ఆ వణుకేంటండి?" అంది నా భార్య రూతు. అని, తనే పాత చీర ముక్క తెచ్చి పెట్టె చుట్టూ కప్పింది.

చావుబతుకుల్లో ఉన్న ఎందరి మంచాల పక్కనో మోకరించి "ప్రభువా, నీ చిత్తమే కానివ్వు" అని గొంతెత్తి ప్రార్థించాను. చుట్టూ ఉన్నవాళ్ళు ఏడుస్తుంటే విశ్వాసం లేదని గద్దించాను కూడా.

ఇందాకటి నుంచీ మోకాళ్ళ మీదే ఉన్నాను. ఆ ఒక్క మాట నోటికి రావడం లేదు. ఆయన చిత్తం ఏంటోనని భయం...