చెలమ గిన్నెలో ఐస్‌క్రీం

అవ్వా,

రేపు నీ సంవత్సరీకం. ఇవాళ జరిగిన సంగతి నీకు చెప్పకుండా ఉండలేను.

మామ మద్రాసు నుంచి కేకుతో పాటు రంపపు పొట్టులో కప్పిన మంచుగడ్డ రైల్లో తెచ్చి, మన పెరట్లోనే మర తిప్పి ఐస్‌క్రీం చేశాడు. దేంట్లో పెట్టాలో ఎవరికీ తెలియలేదు. విస్తరాకులో కేకు నిలిచింది గానీ ఐస్‌క్రీం కరిగి కారిపోయింది. చివరికి అమ్మ నీ కంచు గిన్నె దించింది. ఎండాకాలం తుంగభద్ర ఇసుకలో చెలమ తవ్వి నువ్వు నీళ్లు తోడిన గిన్నె.

కేకు మీద ఐస్‌క్రీం వేసిన కాసేపటికే గిన్నె బయటంతా నీళ్లు పట్టాయి.

"అయ్యో, అవ్వ గిన్నె కారతాండాది!" అంది అమ్మ ఏడుపు గొంతుతో.

మామ తుడిచి చూపించాడు. చిల్లెక్కడా లేదు. మళ్లీ చెమ్మ పట్టింది.

"కారేదేం లేదక్కా. గాల్లో ఉండే నీళ్లే చల్లదనానికి వచ్చి పట్టుకుంటాండాయి."

"గాల్లోనా? మన కర్నూలు గాల్లోనా?"

చెంచా చేతిలోనే ఉంది. అమ్మ తినడం మరిచిపోయింది. నేను ఒక చుక్కను వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాను. ఉత్త నీళ్లే.

బతికినన్నాళ్లూ నువ్వు నీళ్ల దగ్గరికి నడిచావు. ఇవాళ నీ గిన్నె దగ్గరికి నీళ్లే వచ్చాయవ్వా.