జవాబు వచ్చేదాకా

ప్రియమైన తమ్ముడికి,

ఒళ్ళు మండిపోతూ రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే సర్దుకో. నీ మేనకోడలిని వారం పాటు తొమ్మిదో తరగతి గదిలోకి రావద్దన్నారు. ఇంకోసారైతే బడే మాన్పించమన్నారు. సైన్సు సారు ఒక్క ఊపిరిలో పుస్తకం తీయండి, గుండె బొమ్మ చూడండి, భాగాల పేర్లు రాయండి, పక్కవాళ్ళతో మార్చుకుని దిద్దండి అన్నాడట. ఇది పుస్తకం తీసి కూర్చుంది. చెవులు ఎక్కడ పెట్టావని అడిగితే నవ్విందట. ఆ నవ్వు పొగరట. చెవులు పరీక్ష చేయించాం కదా, నిక్షేపంగా ఉన్నాయి. నా కుట్టుమిషను మొత్తం విప్పి మళ్ళీ బిగించే పిల్ల వాళ్ళకి మొద్దు. నువ్వు స్పీచ్ థెరపిస్టువి, ఏం చేయాలో చెప్పు.

అక్క

అక్కా,

చదివి నాకూ రక్తం ఉడికింది. విన్నది అర్థం చేసుకోవడానికి, చెప్పదలచుకున్నదానికి మాట వెతుక్కోవడానికి దానికి ఎక్కువ సమయం పడుతుంది. దీన్ని భాషా లోపం అంటాం. తెలివికీ దీనికీ సంబంధం లేదు. చిన్న తరగతుల్లో ఎవరో ఒకరు గమనిస్తారు. హైస్కూలుకొచ్చాక పొగరని ముద్ర వేసి చేతులు దులుపుకుంటారు. బడికెళ్ళి సారుని ఒకసారికి ఒక్క పనే చెప్పమను. బోర్డు మీద రాయమను. పాఠంలోని కొత్త మాటలు ముందే నేర్పమను. ప్రశ్న అడిగాక ఆగమను. బతిమాలకు, అది దాని హక్కు.

నీ తమ్ముడు

తమ్ముడూ,

వెళ్ళాను. అన్నీ చెప్పాను. "ఒక్క పిల్ల కోసం తరగతంతా ఆగాలా అమ్మా?" అన్నాడు హెడ్మాస్టరు. ఏం జరిగిందో చెప్పమని దాన్నడిగి, అది పెదవి కదిపేలోపే, చూశారా నోరు విప్పదు అన్నాడు. నేనూరుకుంటానా? దాని తరఫున కడిగిపారేశాను. గెలిచాననుకుంటూ బస్సెక్కాను. దారి పొడవునా అది నా వైపు చూడలేదు. గుమ్మం దగ్గర నిలబడి, చాలాసేపటికి అంది: "నువ్వు కూడా ఆగలేదమ్మా."

అక్క

అక్కా,

మళ్ళీ వెళ్ళు. ఈసారి నువ్వు మాట్లాడకు.

తమ్ముడు

ప్రియమైన తమ్ముడూ,

నోరు కుట్టుకుని కూర్చున్నాను. నాకదెంత కష్టమో నీకు వేరే చెప్పాలా. హెడ్మాస్టరు మధ్యలో అందుకోబోతే సైన్సు సారే చెయ్యి అడ్డుపెట్టాడు. చివరికి అది చెప్పింది. "సార్ నాలుగు చెప్పారు. ఒకటి చేశాను. మిగతావి... జారిపోయాయి. భయమేస్తే నాకు నవ్వొస్తుంది."

సారు తల దించుకున్నాడు. ఇప్పుడు ఒక్కో పనీ బోర్డు మీద రాస్తున్నాడట, సగం క్లాసు అది చూసే చేసుకుంటోందట. హెడ్మాస్టరు మాత్రం పెద్దమనసుతో మళ్ళీ రానిస్తున్నామన్నాడు. తప్పు వాళ్ళది, పెద్దమనసూ వాళ్ళదేనట.

నిన్న ఇది ఇంకో సంగతి చెప్పింది. ఇలాగే జవాబివ్వలేదని పోయినేడు బడి మాన్పించిన పిల్ల ఒకతె మా వెనక వీధి బేకరీలో పొట్లాలు కడుతోంది. "దాన్ని ఎవరూ ఆగి అడగలేదమ్మా" అంది. రేపు ఇద్దర్నీ వెంటబెట్టుకుని హెడ్మాస్టరు గదికి వెళ్తున్నాను. మాట్లాడేది వాళ్ళే. నేను తలుపుకి అడ్డంగా నిలబడతాను, వాళ్ళు చెప్పడం అయ్యేదాకా ఎవరూ లేచిపోకుండా.

అక్క