నా రాతల కింద జయంత్ పేరు

అక్కా,

నేను చదివిన పుస్తకాల మీద నేను రాసిన అభిప్రాయాల కింద నువ్వు నీ కొడుకు పేరు పెట్టావు. పొరపాటున ఒకసారి కాదు, ప్రతిసారీ. అందుకే క్షేమ సమాచారాల కంటే ముందు ఇది రాస్తున్నాను.

నిన్న సీతమ్మధార లైబ్రరీలో పుస్తకం తిరిగి ఇవ్వడానికి వెళ్లాను. ఈ ఆస్ట్రేలియా రచయితల పఠన పోటీ నడిపే త్రినాథరావుగారు నన్ను చూసి, మీ మేనల్లుడు అదరగొట్టాడయ్యా, ఆదివారం సభలో అతనిచేత మాట్లాడిస్తున్నాం, పుస్తకాలు మోసినందుకు నీకూ పుణ్యమే అన్నారు. మోసినందుకట. నీ పరువు పోతుందని నోరు మూసుకుని వచ్చాను.

బయటికొచ్చి ఫోన్ చేస్తే నువ్వేమన్నావు? "నీకెందుకురా ఆ సర్టిఫికెట్టు? బొగ్గు యార్డులో ఎవుడు సూత్తాడు? జయంత్‌కైతే ఉద్యోగానికి పనికొత్తాది." ఆ తర్వాత ఏడ్చావు. నువ్వేడిస్తే నాకు మాటలు పోతాయి. అందుకే కాగితం.

నాది బటన్ ఫోను. పోటీ వాట్సాప్ గ్రూపులో నా పేరుతో పెడతావనే కదా రాసి నీకు పంపింది. పోర్టులో కన్వేయర్ బెల్టు కింద రాలిన బొగ్గు రోజూ పారతో ఎత్తుతున్నాను. అది ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో వస్తుంది. అక్కడి మనుషులెలా బతుకుతారో చూద్దామని పోటీలో చేరాను. పక్కన డిక్షనరీ పెట్టుకుని ఇంగ్లీషులోనే చదివాను. చదివింది మధ్యాహ్నం అన్నాల దగ్గర యార్డులో మా వాళ్లకి చెప్పేవాణ్ని.

కరువులో ఒక రైతు తన గొర్రెల్ని తానే తుపాకీతో కాల్చేసే నవల ఉంది. అది చెప్తుంటే నాతోపాటు పార పట్టే గవర్రాజు తినడం ఆపేశాడు. "గొర్రెల్ని సంపేసి ఏడవలేదంటే నాను నమ్మను బావా. ముందుకెళ్లి సూడు, ఎక్కడో ఏడిసుంటాడు." వెళ్లి చూశాను. చాలా పేజీల తర్వాత, ఖాళీ కొట్టంలో ఏడ్చాడు. ఆ సంగతి గవర్రాజు పేరుతోనే రాశాను. కాలేజీ పిల్లాడు రాసినట్టు ఉండదని దాన్ని కొట్టేశానని నిన్న ఫోన్‌లో నువ్వే అన్నావు.

ఈ పొద్దున జయంత్ ఫోన్ చేశాడు. "మామయ్యా, ఆ గొర్రెల కత ఏటో కాస్త సెప్పవా? అమ్మ సభలో మాట్లాడమంటంది." పాపం, నువ్వు చెప్పిందే వాడు చేస్తున్నాడు. వాడి మీద నాకు కోపం లేదు.

నా దగ్గు తగ్గిందా అని మొన్న అడిగావు. తగ్గలేదు. అమ్మకు మోకాళ్ల మందు మార్చారు, మెట్లు దిగుతోంది.

నీకు చెప్పనిది ఒకటుంది. పోటీ పూర్తిచేసినవాళ్ల పేర్లు సభలో పిలుస్తారని, నా పేరు కూడా వస్తుందని యార్డులో అందరికీ చెప్పేశాను. గవర్రాజు డ్యూటీ మార్చుకున్నాడు. మిగతావాళ్లు చొక్కాలు ఇస్త్రీకి ఇచ్చారు. నా పేరు రాకపోతే వాళ్ల దృష్టిలో నేను అబద్ధాలకోరుని. సోమవారం మళ్లీ వాళ్ల పక్కనే పార పట్టుకోవాలి.

ఇది భీమిలి బస్సు కండక్టరు చేతికిస్తున్నాను. అందగానే గ్రూపులో నువ్వే రాయి, ఇవన్నీ మా తమ్ముడు రాసినవని. కొట్టేసిన ముక్కలు గవర్రాజు పేరుతో సహా తిరిగి పెట్టు. జయంత్‌ని సభకి పంపు, నా పక్కన కూర్చుని వింటాడు. శుక్రవారం సాయంత్రం ఆరింటిలోగా, రాశానని నాకు ఫోన్ చేసి చెప్పు. ఏడవకుండా చెప్పు. ఆరు దాటిందా, త్రినాథరావుగారి ముందు నేనే నిలబడతాను. అప్పుడు నీ పరువు చూడను.

ఇట్లు,
సొంత పేరున్న నీ తమ్ముడు,
నాగబాబు